మీ పిన్‌కోడ్‌ను విప్పి చూడండి: పెద్ద సంఖ్యను కాగితం మీద పరిశీలించడం ఎలా?

బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చే ప్రతి కవరు మీదా 522002 అని ఉంటుంది. చాలా ఏళ్లు దాన్ని చిరునామాలో చివరి ముక్కగానే చూశాను. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏం తోచక, బల్ల మీదున్న ఒక శుభలేఖ తిరగేసి, వెనక ఖాళీ జాగాలో ఆ సంఖ్యను పెన్సిల్‌తో భాగిస్తూ కూర్చున్నాను. కరెంటు వచ్చాక కూడా లేవలేదు. అప్పటి నుంచి ఏ పెద్ద సంఖ్య కనబడినా దాని లోపల ఏముందో చూడకుండా ఉండలేను.

ఇంట్లో ఏడో తరగతి దాటిన పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. కావలసినవి రూళ్ల పుస్తకం, పెన్సిలు, కొట్లో లెక్కలకు వాడే మామూలు క్యాలిక్యులేటర్. దాన్ని సరిచూసుకోవడానికే తీయండి. భాగహారం చేత్తో చేస్తేనే సంఖ్య స్వభావం తెలుస్తుంది.

ముందు సంఖ్యను ఎంచుకోండి

ఫోన్ నంబరు, ఆధార్ నంబరు వద్దు. కాగితం ఎక్కడ పడి ఉంటుందో, ఎవరి కంట పడుతుందో తెలియదు. పైగా పది అంకెలు మొదటిసారికి బరువు. పిన్‌కోడ్ సరిగ్గా సరిపోతుంది. 1972 ఆగస్టు 15 నుంచి మన దేశంలో వాడుకలో ఉన్న ఆరంకెల సంఖ్య అది. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వాళ్లకు 522002. బెజవాడలో గవర్నర్‌పేటకు 520002, లబ్బీపేటకు 520010. నేను 522002తో మొదలుపెడతాను, మీరు నాతోపాటే రాయండి. రెండోసారి మీ పేట సంఖ్య తీసుకోవచ్చు.

రాసేటప్పుడు కామాలు పెట్టకండి. మన అలవాటు ప్రకారం ఇది 5,22,002. కానీ ఇక్కడ మనకు కావలసింది కుడివైపు నుంచి మూడేసి అంకెల కట్టలు: 522, 002. లక్షల కామా ఉంటే కన్ను తప్పు చోట ఆగుతుంది.

తేలికైన పరీక్షలు

చివరి అంకె సరి అంకె, కాబట్టి 2 పోతుంది. 522002 = 2 × 261001. చివర 0 గానీ 5 గానీ లేదు, కాబట్టి 5 పోదు. అంకెలన్నీ కూడితే 5+2+0+0+2... ఇలా వేగంగా కూడితే ఒక 2 జారిపోతుంది, మళ్లీ చూడండి: 5+2+2+0+0+2 = 11. పదకొండు 3తో పోదు, కాబట్టి సంఖ్యా పోదు. 10, 100, 1000 వీటిలో దేన్ని 9తో భాగించినా శేషం 1 వస్తుంది. అందుకే అంకెల మొత్తం చూస్తే 3, 9 రెండింటి సంగతీ తేలిపోతుంది.

వెయ్యిన్నొకటి కిటుకు

అన్నిటికన్నా నాకు ఇష్టమైన మెట్టు ఇది. బళ్లో 7కీ 11కీ 13కీ వేర్వేరు సూత్రాలు నేర్పుతారు, పరీక్షయిన మర్నాడు మరిచిపోతాం. మూడింటికీ కలిపి ఒకటే చాలు. 7 × 11 × 13 ఎంతో గుణించి చూడండి. 1001.

ఇప్పుడు 522002ను రెండు కట్టలుగా చూడండి. మొదటిది 522, రెండోది 2. తేడా 520. ఈ 520ని 7, 11, 13 దేనితో భాగించవచ్చో మొత్తం సంఖ్యను కూడా దానితోనే భాగించవచ్చు. 520లో 7 పోదు, 2 మిగులుతుంది. 11 పోదు, 3 మిగులుతుంది. 13 నలభైల 520, శేషం లేదు. కాబట్టి మన పిన్‌కోడ్‌లో 13 ఉంది, 7 లేదు, 11 లేదు. ఆరంకెల సంఖ్య మీద మూడు భాగహారాలు ఒక తీసివేతతో తేలిపోయాయి.

ఎందుకు పనిచేస్తుందో పిల్లలకు తప్పకుండా చూపించండి, సూత్రం మాత్రమే చెప్పి వదిలేయకండి. 522ను 1001తో గుణిస్తే 522522. మన సంఖ్య దానికన్నా 520 తక్కువ. 522522లో 7, 11, 13 ఎలాగూ ఉన్నాయి. అందుకని ఆ 520 ఏం చెబితే అదే తీర్పు.

బెజవాడ వాళ్లకు ఇందులో ఇంకొక సౌకర్యం ఉంది. వాళ్ల పిన్‌కోడ్‌లలో మొదటి మూడంకెలు 520, అందులో 13 ముందే ఉంది. కాబట్టి చివరి మూడంకెలు 13తో భాగించబడతాయో లేదో చూసుకుంటే చాలు.

భాగించుకుంటూ పోవడం, ఎక్కడ ఆగాలి

261001ని 13తో భాగించండి. 26లో 13 రెండుసార్లు. తర్వాత 1 దించితే పోదు, సున్నా వేయాలి. 0 దించితే 10, అదీ పోదు, ఇంకొక సున్నా. ఇంకో 0 దించితే 100, అందులో ఏడుసార్లు 91, మిగిలింది 9. చివరి 1 దించితే 91, మళ్లీ ఏడు. భాగఫలం 20077. ఎక్కువమంది తప్పు చేసేది ఆ రెండు సున్నాల దగ్గరే. అవి వేయడం మరిచిపోతే 277 వస్తుంది, ఆపైన చేసిందంతా వృథా. దించిన ప్రతి అంకెకూ పైన ఒక అంకె పడిందా లేదా అని వేలు పెట్టి చూసుకోండి.

ఇప్పుడు చేతిలో ఉన్నది 20077. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఆ మధ్యాహ్నం నేను దీన్ని 3, 7, 11, 13తో చూసి, ఏదీ పోకపోయేసరికి ప్రధాన సంఖ్య అని నిర్ధారించి కింద గీత గీసేశాను. అంకెలు చూస్తే అలాగే అనిపిస్తుంది. సాయంత్రం మళ్లీ కాగితం చూసినప్పుడు, ఎక్కడిదాకా చూడాలో లెక్క వేసుకోకుండానే ఆగిపోయానని అర్థమైంది.

ఆ లెక్క ఇది. కారణాంకాలు కాడికి కట్టిన జోడెద్దుల్లా జంటగా ఉంటాయి. జంటలో రెండూ వర్గమూలం కన్నా పెద్దవైతే గుణకారం సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి ఏ జంటలోనైనా ఒకటి వర్గమూలానికి సమానంగానో, అంతకన్నా చిన్నదిగానో ఉండి తీరాలి. 141 వర్గం 19881, 142 వర్గం 20164. అంటే 20077 కోసం 141 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలను చూడాలి, అంతకు ముందు ఆగకూడదు. నేను 13 దగ్గరే ఆగాను. తర్వాతిది 17.

ఇరవైలో 17 ఒకసారి, మిగిలింది 3. సున్నా దించితే 30, మళ్లీ ఒకసారి, మిగిలింది 13. ఏడు దించితే 137, పదిహేడెనిమిదుల నూట ముప్పై ఆరు, మిగిలింది 1. చివరి 7 దించితే 17, ఒకసారి. శేషం సున్నా. 20077 = 17 × 1181.

ఒక కారణాంకం దొరకగానే పని ఒక్కసారిగా తగ్గిపోతుంది. 34 వర్గం 1156, 35 వర్గం 1225. కాబట్టి 1181కి 34 దాకా చూస్తే చాలు. 17 కన్నా చిన్నవి ఇంతకుముందే అయిపోయాయి, వాటిని మళ్లీ ముట్టుకోనక్కరలేదు. 17ను మాత్రం మళ్లీ చూడాలి, ఎందుకంటే అదే రెండుసార్లు ఉండవచ్చు. 17తో శేషం 8, 19తో 3, 23తో 8, 29తో 21, 31తో 3. ఏదీ పోలేదు. 1181 ప్రధాన సంఖ్య. ఈసారి గీత ధైర్యంగా గీయవచ్చు.

522002 = 2 × 13 × 17 × 1181

మొదట్లోనే వర్గమూలం తీసి ఉంటే 722 దాకా వెళ్లాల్సి వచ్చేది. అంతలోపు 128 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నీ చూడాలంటే ఎవరికైనా టెన్షనే. చిన్న కారణాంకాలు ముందే తీసేయడం వల్ల పని కొద్దిపాటి భాగహారాల్లో ముగిసింది.

సరిచూడటానికి మళ్లీ గుణించవచ్చు. తొందరగా కావాలంటే అంకెల మొత్తాలతో చూడండి. 522002 అంకెలు కూడితే 11, మళ్లీ కూడితే 2. కారణాంకాల వైపు 2, 4, 8, 2 వస్తాయి. వాటిని గుణిస్తే 128, అంకెలు కూడితే 11, మళ్లీ 2. రెండు వైపులా 2 వచ్చింది. ఇది కుదరకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టే. కుదిరితే మాత్రం తప్పు లేదని హామీ కాదు, అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పట్టుకోలేదు.

భాజకాల వీధులు

బ్రాడీపేటలో చిరునామా చెప్పే తీరు మీకు తెలిసే ఉంటుంది. ముందు లైను, తర్వాత అడ్డరోడ్డు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, ఆ కూడలికి ఆటో నేరుగా వచ్చేస్తుంది. భాజకాలన్నీ ఒక్కటి కూడా తప్పిపోకుండా రాయాలంటే అదే పద్ధతి వాడండి.

పైన అడ్డంగా 1, 2, 13, 26 రాయండి. పక్కన నిలువుగా 1, 17, 1181, 20077 రాయండి. ఏ రెండు కలిసే చోట వాటి గుణకారం వేయండి. 17 వరుసలో 17, 34, 221, 442 వస్తాయి. 1181 వరుసలో 1181, 2362, 15353, 30706. ఆఖరి వరుసలో 20077, 40154, 261001, చివరికి మన 522002. నాలుగు లైన్లు, నాలుగు అడ్డరోడ్లు, పదహారు కూడళ్లు. కాబట్టి భాజకాలు పదహారే.

ఈ పట్టిక మొత్తం కూడాలన్నా పదహారు సంఖ్యలూ కూడనక్కరలేదు. పై వరుస మొత్తం 42, పక్క వరుస మొత్తం 21276, ఆ రెండూ గుణిస్తే 893592. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే మిగతా భాజకాల మొత్తం 371590. ఇది 522002 కన్నా తక్కువ. సరిగ్గా సమానమైతే దాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు. 6, 28 అలాంటివి. మనది లోటు సంఖ్య. గవర్నర్‌పేట 520002 మిగులు సంఖ్య. అది 2 × 3 × 3 × 7 × 4127. దాని భాజకాలు 24, సంఖ్యను వదిలేసి మిగతావి కూడితే 767934, అంటే సంఖ్యనే దాటిపోయింది. 2, 3, 7 లాంటి చిన్న కారణాంకాలు ఎక్కువైతే ఇలా జరుగుతుంది.

అన్నట్టు, ఈ రెండు పిన్‌కోడ్‌లకూ గసాభా ఎంత? కారణాంకాలు తెలియకపోయినా చెప్పవచ్చు. తేడా సరిగ్గా 2000. ఉమ్మడి కారణాంకం ఏదైనా ఆ 2000లో కూడా ఉండాలి. 520002ని 2000తో భాగిస్తే 2 మిగులుతుంది. గసాభా 2. యూక్లిడ్ కాలం నాటి పద్ధతి ఇది, సంఖ్యలు ఎంత పెద్దవైనా పనిచేస్తుంది.

రెండు వర్గాల మొత్తం

ఇక నన్ను ఆ రోజు కుర్చీలోంచి లేవనివ్వని సంగతి. ఒక సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 13 = 9 + 4, రాయగలం. 7ని ఎంత ప్రయత్నించినా రాయలేం. ఏ సంఖ్యకు కుదురుతుందో కారణాంకాలు చూసి చెప్పేయవచ్చు. ప్రతి ప్రధాన కారణాంకాన్నీ 4తో భాగించండి. 3 శేషంగా మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా బేసిసార్లు ఉంటే కుదరదు, లేకపోతే కుదురుతుంది. దీని వెనక ఉన్న సిద్ధాంతాన్ని 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పాడు, 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు.

520002లో 7 ఒకేసారి ఉంది, దానికి శేషం 3. కాబట్టి కుదరదు. మన 522002లో 13, 17, 1181 మూడింటికీ శేషం 1. కుదురుతుంది! అయితే ఆ వర్గాలు ఏవి?

ముందు చిన్నవాటిని విడగొట్టండి. 13కి 3, 2. 17కి 4, 1. 1181కి పైనుంచి వర్గాలు తీసేస్తూ రండి. 34 వర్గం 1156 తీసేస్తే 25, అది 5 వర్గం. మొదటిసారికే దొరికింది, 34, 5.

ఇప్పుడు వీటిని కలపాలి. ఆ సూత్రాన్ని బ్రహ్మగుప్తుడు 628లోనే ఇచ్చాడు. 3, 2 ఒక జంట, 4, 1 ఇంకొక జంట. మొదటివి గుణించి, రెండోవి గుణించి కూడండి: 12 + 2 = 14. ఎదురెదురుగా గుణించి తీసివేయండి: 2 × 4 నుంచి 3 × 1 తీస్తే 5. చూడండి, 14 వర్గం 196, 5 వర్గం 25, కలిపితే 221. అది 13 × 17.

అదే పని 14, 5 జంటకూ 34, 5 జంటకూ చేయండి. 476 + 25 = 501. ఎదురెదురు గుణకారాలు 170, 70, తేడా 100. అంటే 261001 అన్నది 501 వర్గం, 100 వర్గం కలిసిన మొత్తం. ఇక 2 మిగిలింది. దానికి మొత్తం, తేడా తీస్తే చాలు: 501 + 100 = 601, 501 − 100 = 401.

522002 = 601² + 401²

గుణించి చూడండి. 361201, 160801. కూడితే 522002. శుభలేఖ వెనక ఈ రెండు సంఖ్యలు బయటపడ్డప్పుడు నేను మూడుసార్లు సరిచూసుకున్నాను. రోజూ కవర్ల మీద చూసే ఆరంకెల్లో ఇంత పొందిక దాగి ఉంటుందని ఎవరు అనుకుంటారు? కూడే చోట తీసివేస్తూ, తీసివేసే చోట కూడుతూ వెళితే ఇంకో మూడు దారులు వస్తాయి: 709² + 139², 719² + 71², 691² + 211². మొత్తం నాలుగే, అయిదోది లేదు.

ఇంకా పెద్దదైతే

పదకొండు అంకెల సంఖ్యకు వెళదాం: 12345654321. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు గణిత సార సంగ్రహంలో 27994681ని 441తో గుణిస్తే వచ్చే ఫలంగా దీన్ని ఇచ్చాడు. రెండు వైపుల నుంచీ ఒకేలా కనబడే ఇలాంటి ఫలాలను ఆయన కంఠాభరణాలతో పోల్చాడు. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన.

దీన్ని 2 నుంచి మొదలుపెట్టి భాగించుకుంటూ పోకండి. ముందు ఆకారం చూడండి. ఇది 111111 వర్గం. ఆ 111111ని మూడేసి అంకెల కట్టలుగా విడగొడితే 111, 111, అంటే 111 × 1001. మళ్లీ అదే వెయ్యిన్నొకటి! కాబట్టి 111111 = 3 × 7 × 11 × 13 × 37. కంఠాభరణంలో ఈ అయిదూ రెండేసిసార్లు ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు. అంటే మూడేసి దారులు. అయిదు మూడులు గుణిస్తే భాజకాలు 243. భాజకాలు బేసిసంఖ్యలో వస్తే అది వర్గ సంఖ్యే.

ఆకారం ఏ సాయమూ చేయని పదంకెల సంఖ్య అయితే చేత్తో కష్టం. 4294967297 ప్రధాన సంఖ్య అని ఫెర్మా అంతటివాడు నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. ఆ పరిమాణం దాటాక కంప్యూటర్‌కు వదిలేయండి. లైనక్స్ ఉంటే ఫ్యాక్టర్ అనే కమాండ్ పక్కన సంఖ్య కొడితే చాలు, ఇలాంటివి రెప్పపాటులో చెప్పేస్తుంది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం వేరు, దాన్ని విడగొట్టడం వేరు. మొదటిది ఎప్పుడూ త్వరగా తేల్చగల పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. రెండోదానికి మామూలు కంప్యూటర్లలో అంత త్వరగా నడిచే దారి ఇంతవరకూ దొరకలేదు. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి ఈ కష్టం మీదే నిలబడి ఉంది. విడగొట్టి చూపమని ఆర్‌ఎస్‌ఏ పేరుతో విసిరిన సవాలు సంఖ్యల్లో 250 అంకెలది 2020లో విడింది. 617 అంకెలది ఇంకా అలాగే ఉంది.

మీ వంతు

లబ్బీపేట 520010 తీసుకోండి. 2, 5 వెంటనే పోతాయి, 52001 మిగులుతుంది. వెయ్యిన్నొకటి కిటుకు ఇక్కడ ఏమీ ఇవ్వదు. భాగించుకుంటూ పోతే 149 దాకా ఏదీ కదలదు, అక్కడిదాకా వెళ్లడానికి ఓపిక కావాలి. ఓపిక లేకపోతే 52001కి ఏదో ఒక వర్గం కలిపితే మళ్లీ వర్గం వస్తుందేమో చూడండి. 100 వర్గం 10000 కలిపితే 62001, అది 249 వర్గం. కాబట్టి 52001 = (249 − 100) × (249 + 100), అంటే 149 × 349.

5, 149, 349 మూడింటికీ 4తో శేషం 1. రెండు వర్గాల దారులు ఇక్కడా నాలుగు. ఒకటి నేను ఇస్తున్నాను: 721² + 13². మిగిలిన మూడూ మీ కాగితం మీద రావాలి.